తడిసిన గేర్, సున్నా చుట్టూ ఉష్ణోగ్రత: యాంఫీబియన్ ఫ్లోట్‌ప్లేన్ నడిపేవాళ్లు ఏం చూసుకోవాలి?

కొత్తరెక్క
అందరికీ నమస్కారం. ఈమధ్యే సీప్లేన్ రేటింగ్ వచ్చింది. ఎండాకాలమంతా యాంఫీబియన్ ఫ్లోట్లున్న (నీటి మీద తేలే ఫ్లోట్లకే ముడుచుకునే చక్రాలు, అంటే గేర్, కూడా ఉండే) సెస్నా 206 నడిపాను. ఇప్పుడు చలి మొదలైంది. విమానం ఓనర్ గారు "సరస్సు గడ్డకట్టేదాకా ఆపక్కర్లేదు, చక్రాలున్నాయిగా" అంటున్నారు. పొద్దునపూట ఉష్ణోగ్రత మైనస్ 1, ప్లస్ 4 మధ్య ఊగుతోంది. ఎక్కువగా సరస్సు మీద టేకాఫ్ చేసి రన్‌వే మీద దిగే ట్రిప్పులే ఉంటాయి. ఐసింగ్ (విమానం మీద మంచు పేరుకోవడం) ఉన్న మేఘాల్లోకి ఎలాగూ వెళ్లను. ఆకాశం నిర్మలంగా ఉన్న రోజున కూడా ఈ చలి ఎక్కడ దెబ్బ కొడుతుందో చెప్పండి. మాన్యువల్లో దీని గురించి రెండు వాక్యాలు తప్ప ఏమీ లేవు.

కీల్‌లైన్
దీనికి మేఘాలతో పనిలేదండీ. గడ్డకట్టడానికి కావాల్సిన నీళ్లను మనమే వెంట తీసుకెళ్తాం. టేకాఫ్ పరుగులో లేచిన తుంపర తోక అడుగున, ఎలివేటర్ సందుల్లో, ఫ్లాప్ కీళ్లలో, ఫ్లోట్ల స్ట్రట్ల మీద పడుతుంది. వెనక చక్రాలు ముడుచుకునే గూళ్లకి చాలా మోడళ్లలో తలుపులుండవు. నీటి మీద ఉన్నంతసేపూ అవి నీళ్లలోనే నానుతుంటాయి. సరస్సు నీరు సున్నాకి పైనే కాబట్టి అక్కడ ఏమీ కాదు. గాల్లోకి లేచాకే అసలు సంగతి. ప్రామాణిక లెక్కలో వెయ్యి అడుగులకి 2 డిగ్రీలు తగ్గుతుంది. డాక్ దగ్గర ప్లస్ 3 ఉంటే 1500 అడుగుల ఎత్తులో సున్నా. అంటే లేచిన రెండు మూడు నిమిషాల్లోనే తడి గేర్‌తో గడ్డకట్టే గాల్లో ఉంటారు.

యాంఫీబియన్ గొప్పతనమంతా రెండు చోట్ల దిగగలగడంలోనే ఉంది. చలిలో తడిస్తే ఆ రెండింట్లో ఒకటి పోవచ్చు. అందుకే బయల్దేరే ముందే వేసుకోవాల్సిన ప్రశ్న: గేర్ ఏ స్థితిలో ఉంటే ఆ స్థితిలోనే బిగుసుకుపోతే, నేను ఎక్కడ దిగుతాను? దానికి జవాబు లేకపోతే ఆ ట్రిప్పు వద్దు.

రన్‌వే నుంచి లేచి సరస్సు మీద దిగడం సులువు. చక్రాలు పొడిగానే పైకి ముడుచుకుంటాయి. సరస్సు నుంచి లేచి రన్‌వే మీద దిగడమే కష్టమైన వరస. మీరు అడిగింది సరిగ్గా అదే.

సున్నాకింద
+1. నేనైతే నీటిని వదిలిన వెంటనే, ఇంకా కింద వెచ్చటి గాలిలో ఉండగానే, గేర్‌ని రెండుసార్లు దించి ఎత్తుతాను. గూళ్లలో, లింకుల్లో నిలిచిన నీళ్లు చాలావరకు రాలిపోతాయి. ఆ తర్వాతే ఎత్తుకి వెళ్తాను. దీనికి పట్టే సమయం ఒక నిమిషం కూడా ఉండదు.

గట్టినేల
దించి ఎత్తడం సరే, చివరికి ఎక్కడ వదులుతున్నారు బ్రదర్? తర్వాత దిగేది రన్‌వే మీదైతే గేర్‌ని కిందే ఉంచాలి అంటాను. దిగి, లాక్ అయి, నాలుగు లైట్లూ వెలిగాక గడ్డకడితే కట్టనివ్వండి. రన్‌వే మీద కావాల్సింది ఆ స్థితే కదా. పైకి ఎత్తి, గూట్లో తడి మిగిలి, ముప్పావుగంట తర్వాత లివర్ కిందకి వేస్తే మూడు చక్రాలు వచ్చి ఒకటి రాకపోవడమే అన్నిటికన్నా చెత్త పరిస్థితి. గేర్ కిందుంటే వేగం కొంచెం తగ్గుతుంది, ఇంధనం కాస్త ఎక్కువ తాగుతుంది. అంతే.

గ్లాసీవాటర్
ఒక్క నిమిషం. గేర్ కిందకి వేసుకుని నీటి మీదుగా వెళ్తుంటే ఇంజిన్ ఆగితే ఏం చేస్తారు? చక్రాలు దిగి ఉండగా నీటిని తాకితే విమానం ముక్కు మీదుగా బోర్లా పడుతుంది. యాంఫీబియన్ ప్రమాదాల్లో అందరూ ముందు భయపడేది దానికే. ఇక్కడ ఆ నీళ్లు 3 డిగ్రీలవి. గేర్ గడ్డకట్టడం గురించి ఆలోచిస్తూ దానికన్నా పెద్ద ప్రమాదాన్ని మనమే సెటప్ చేసుకుంటున్నాం.

గట్టినేల
> గేర్ కిందకి వేసుకుని నీటి మీదుగా

నీటి మీదుగా పొమ్మని నేనెక్కడన్నాను? ఒడ్డు అందుకున్నాక దించండి. లేదా గ్లైడ్‌లో నేల అందేలా ఒడ్డు వెంబడే వెళ్లండి. ఫ్లోట్లు వేలాడుతుంటే గ్లైడ్ ఎంత తక్కువో మీకు తెలియనిది కాదు.

గ్లాసీవాటర్
సరస్సు వెడల్పుగా ఉంటే ఒడ్డు చేరేలోపే గడ్డకట్టొచ్చు. అందుకే మీ ఇద్దరి మాటల్లో ఏదీ అన్ని చోట్లకీ నప్పదు.

కీల్‌లైన్
నప్పకపోవడానికి కారణం ఎత్తు. ఇద్దరూ దాన్ని వదిలేసి మాట్లాడుతున్నారు. టేకాఫ్ కాగానే పైకి ఎక్కేయాలని ఏముంది? మేఘాలు, కొండలు అడ్డం లేకపోతే సున్నాకి పైనున్న పొరలోనే కాసేపు ఉండండి. గాలి తడిని ఊడ్చేస్తుంది. గేర్‌ని తిప్పేది అక్కడే. నేల మీదకి వచ్చాక, తర్వాతి ల్యాండింగ్ రన్‌వే అయితే, దించి వదిలేయండి. మళ్లీ పెద్ద నీరు దాటాల్సి వస్తే పైకే ఉంచండి. అప్పుడు మీ ప్రణాళికలో దిగే చోటు నీరే అవ్వాలి, రన్‌వే కాదు.

ఇంకొకటి, వెయ్యి అడుగులకి 2 డిగ్రీల లెక్కని గుడ్డిగా నమ్మొద్దు. నిశ్చలంగా, నిర్మలంగా ఉన్న చలి పొద్దుల్లో ఇన్వర్షన్, అంటే కింద కన్నా పైన వెచ్చగా ఉండటం, ఉంటుంది. కింద మైనస్ 2, వెయ్యి అడుగుల మీద ప్లస్ 4 ఉన్న రోజులుంటాయి. అలాంటప్పుడు పైకి వెళ్లడమే మంచిది. బయటి ఉష్ణోగ్రత గేజ్‌ని ఎండాకాలంలో ఎవరూ పట్టించుకోరు, ఈ రోజుల్లో దాన్ని ఆల్టిమీటర్‌తో సమానంగా చూడాలి.

తడిబల్బు
నేను పైలట్‌ని కాదు, వాతావరణ శాస్త్రం చదువుకున్నవాణ్ణి. ఒక చిన్న సవరణ. గాలి ప్లస్ 2 ఉంది కాబట్టి తడి గడ్డకట్టదు అనుకోకండి. తడి ఉపరితలం ఆవిరి అవుతూ చల్లబడుతుంది. గాలి ప్లస్ 2, తేమ 50 శాతం ఉంటే తడిబల్బు ఉష్ణోగ్రత (అలా ఆవిరవుతూ తడి చల్లబడే హద్దు) సున్నాకి కిందే, మైనస్ 1 చుట్టుపక్కల ఉంటుంది. అంటే సున్నాకి పైనున్న పొడిగాలిలో కూడా పల్చటి తడి గడ్డకట్టగలదు. దీనికి ఎదురుగా, వేగం వల్ల గాలి రాపిడి వేడి ఉంటుంది గానీ 100 నాట్ల దగ్గర అది ఒక డిగ్రీ పైచిలుకే.

చాలామంది విండ్‌చిల్ గురించి అడుగుతుంటారు. విండ్‌చిల్ మనిషి చర్మానికి సంబంధించిన లెక్క. తడి లేని లోహాన్ని అది గాలి ఉష్ణోగ్రత కన్నా కిందకి దించదు.

సున్నాకింద
ఇది నాకు కొత్త విషయం. మరి తేమ ఎక్కువుంటే మంచిదా?

తడిబల్బు
గేర్‌కి మంచిదే, కార్బ్యురేటర్‌కి కాదు :) తేమ గాలిలో బయట ప్లస్ 15, 20 ఉన్నా కార్బ్యురేటర్‌లో మంచు కడుతుంది. చలికాలం సరస్సు మీద తక్కువ పవర్‌తో ఎక్కువసేపు ట్యాక్సీ చేస్తే అంతకన్నా అనువైన పరిస్థితి ఉండదు.

కీల్‌లైన్
ఆయన అడిగిన 206లో ఇంజెక్షన్ ఇంజిన్ కాబట్టి కార్బ్యురేటర్ గొడవ లేదు. కానీ తుంపర తగిలి ఎయిర్ ఫిల్టర్ తడిసి గడ్డకడితే గాలి అందదు. ఆల్టర్నేట్ ఎయిర్ (ఫిల్టర్ మూసుకుపోతే ఇంజిన్‌కి గాలి అందించే రెండో దారి) ఎలా తెరుచుకుంటుందో, పనిచేస్తోందో లేదో ముందే చూసుకోవాలి. పాత సెస్నా 180, బీవర్ లాంటి కార్బ్యురేటర్ విమానాలు నడిపేవాళ్లకి కార్బ్ హీట్ (కార్బ్యురేటర్‌కి వేడిగాలి పంపడం) మాట చెప్పక్కర్లేదనుకుంటా.

స్పానర్ బాబాయ్
లైట్ల గురించి గట్టినేల గారు చెప్పింది చదివి రాస్తున్నాను. చాలా ఫ్లోట్లలో గేర్ పైనుంటే నాలుగు నీలం లైట్లు, కిందుంటే నాలుగు పచ్చ లైట్లు. ఆ లైట్లని వెలిగించేది చిన్న మైక్రోస్విచ్‌లు. వాటి మీద మంచు పేరుకుంటే చక్రం కదిలినా లైటు మారదు. ఒక్కోసారి చక్రం సగంలో ఆగినా పాత లైటే వెలుగుతుంది. కాబట్టి చలిలో లైటు ఒక్కటే సాక్ష్యం కాదు. ఫ్లోట్ మీద కనిపించే మెకానికల్ సూచికని, రెక్క కింద అద్దం ఉంటే అద్దాన్ని చూడండి. లైటు ఒకటి చెప్పి కన్ను ఇంకొకటి చెబితే కన్నునే నమ్మండి. తుంపర అద్దం మీద కూడా గడ్డకడుతుంది, అది వేరే సంగతి.

హైడ్రాలిక్ పంప్ గురించి కూడా చెప్పాలి. చలిలో బ్యాటరీ నీరసపడుతుంది, పంప్ మోటార్‌కి కరెంటు ఎక్కువ కావాలి. గేర్ కదలడం మామూలు కన్నా ఎక్కువసేపు పడుతోందంటే ఏదో పట్టేస్తోందని అర్థం. అదేపనిగా స్విచ్ వేస్తూ పోవద్దు. సర్క్యూట్ బ్రేకర్ పడిపోతే మళ్లీ మళ్లీ నొక్కొద్దు. చేతి పంప్ ఉన్నది అందుకే. ఎన్ని స్ట్రోకులకి గేర్ పూర్తిగా దిగుతుందో ఎండాకాలంలోనే, జాక్‌ల మీద ఉన్నప్పుడే, ఒకసారి కొట్టి చూసుకోండి.

కొత్తరెక్క
ధన్యవాదాలు అందరికీ. బాబాయ్ గారూ, గేర్ నిజంగానే ఇరుక్కుపోతే ఎలా?

గట్టినేల
నేను చెబుతాను. నాలుగూ పైనే ఇరుక్కుని, అది కంటితో కూడా ఖాయమైతే, అది ప్రమాదం కాదు, ఇబ్బంది మాత్రమే. సరస్సుకి తిరిగి వెళ్లి దిగండి. నాలుగూ కిందే ఇరుక్కుంటే రన్‌వే. కొన్ని పైన, కొన్ని కింద ఉంటే కూడా రన్‌వేనే, నీళ్లు మాత్రం వద్దు. వంకరగా దిగితే లోహం పాడవుతుంది, మనుషులు నడుచుకుంటూ బయటకి వస్తారు. ఏం జరిగిందో అర్థం కాకపోయినా గట్టి నేలే. చక్రాలు పూర్తిగా పైనుంటే గడ్డి మీద, పల్చటి మంచు మీద కీల్‌తో (ఫ్లోట్ అడుగున ఉండే పొడవాటి అంచుతో) దిగడం ఫ్లోట్‌ప్లేన్లు ఎప్పట్నించో చేస్తున్న పనే. పేవ్‌మెంట్ మీద దిగినా అరిగేది కీల్.

గ్లాసీవాటర్
"సరస్సుకి తిరిగి వెళ్లండి" అన్న దగ్గర ఒక మెలిక ఉంది. చలికాలం పగలు చిన్నది. మధ్యాహ్నం మూడున్నరకి బయల్దేరితే గేర్ రాలేదని తెలిసే సరికి సరస్సు మీద చీకటి. రాత్రి రన్‌వేకి లైట్లుంటాయి, నీటికి ఉండవు. ఆ టైములో మీ చేతిలో ఉన్న రెండో దారి దానంతట అదే మూసుకుపోతుంది. నీటి నుంచి లేచే చివరి టేకాఫ్‌కి గడియారం పెట్టుకోండి. సూర్యాస్తమయానికి ముందు తిరిగొచ్చి దిగేంత సమయం మిగలాలి.

కీల్‌లైన్
ఇది నేను మొదటి పోస్టులోనే రాయాల్సింది. బాగా చెప్పారు.

స్పానర్ బాబాయ్
బ్రేకుల సంగతి ఎవరూ ఎత్తలేదు. డిస్క్‌కి, ప్యాడ్‌కి మధ్య నీటి పొర గడ్డకడితే చక్రం తిరగదు. గేర్ చక్కగా దిగుతుంది, నాలుగు పచ్చలూ వెలుగుతాయి, రన్‌వేని తాకగానే టైరు రాసుకుంటూ పోతుంది. ఒక పక్క మాత్రమే పట్టేస్తే విమానం అటు లాగుతుంది. దిగే ముందు పెడళ్లని రెండు మూడుసార్లు గట్టిగా నొక్కి వదిలితే మంచు పొర విరిగే అవకాశం ఉంది. తాకేటప్పుడు మాత్రం కాళ్లు బ్రేకుల మీద ఉండకూడదు. వెడల్పైన, పొడవైన రన్‌వే ఎంచుకోండి. ముందు చక్రాలు చాలా ఫ్లోట్లలో స్వేచ్ఛగా తిరిగేవి, అవి పక్కకి తిరిగి బిగుసుకున్నా కష్టమే, కాబట్టి ముక్కుని వీలైనంత ఆలస్యంగా దించండి.

ర్యాంప్ ఎక్కి వచ్చిన విమానానికి వేరే జాగ్రత్త కావాలి. బ్రేకుని కాస్త రాస్తూ కొంతదూరం ట్యాక్సీ చేస్తే వేడికి తడి ఆరిపోతుంది. పార్కింగ్ బ్రేకు వేయొద్దు, చక్రాలకి అడ్డం పెట్టండి. పొద్దున్నే ప్యాడ్లు డిస్క్‌కి అతుక్కుని ఉంటాయి.

సీజన్‌ముగిసింది
ఎవరూ అనట్లేదు కాబట్టి నేను అంటాను. ఇదంతా ఎందుకు? అలాస్కా ఆంకరేజ్‌లోని లేక్ హుడ్ ప్రపంచంలో అత్యంత రద్దీగా ఉండే సీప్లేన్ స్థావరం. అక్కడివాళ్లు చలి రాగానే ఫ్లోట్లు విప్పేసి చక్రాలో స్కీలో బిగించుకుంటారు. వాళ్లకి తెలియనిది మనకి తెలుసా? మామూలు ఫ్లోట్లున్నవాడికి సరస్సే చెబుతుంది ఇక చాలని. యాంఫీబియన్ ఉన్నవాడికి అలా చెప్పేవాళ్లు లేరు. చక్రాలున్నాయి కదా, ఇంకో వారం, ఇంకో వారం అంటూ లాగుతాడు. చలిలో చక్రాలతో రన్‌వే నుంచి రన్‌వేకి ఎగరండి, ఎవరూ వద్దనరు. నీళ్లు ముట్టుకోకండి.

సున్నాకింద
కొంచెం అతి అనిపిస్తోంది. ప్లస్ 6, ఎండ, పైన కూడా వెచ్చగా ఉన్న రోజున నీళ్లు ముట్టుకుంటే ఏమవుతుంది? చల్లటి గాలిలో ఇంజిన్, రెక్క బాగా పనిచేస్తాయి కూడా. సముద్రమట్టం దగ్గర సున్నా డిగ్రీలుంటే డెన్సిటీ ఆల్టిట్యూడ్ (గాలి సాంద్రతని బట్టి విమానానికి అనిపించే ఎత్తు) సుమారు మైనస్ 1800 అడుగులు. స్టెప్ మీదకి, అంటే ఫ్లోట్లు నీటి పైపైన జారే స్థితికి, ఎంత త్వరగా ఎక్కుతుందో చూస్తే ముచ్చటేస్తుంది.

సీజన్‌ముగిసింది
విమానం బాగానే పనిచేస్తుంది. నీళ్లలో పడ్డ మనిషే పనిచేయడు.

గ్లాసీవాటర్
ఆ మాట దగ్గర కాసేపు ఆగాలి. ఈ థ్రెడ్‌లో మంచు గురించి చాలా రాశాం, చల్లటి నీటి గురించి రాయలేదు. కెనడాలో మానిటోబా విశ్వవిద్యాలయం ప్రొఫెసర్ గోర్డన్ గీస్‌బ్రెక్ట్ ప్రచారంలోకి తెచ్చిన లెక్క 1-10-1. చల్లటి నీటిలో పడ్డాక ఊపిరి అదుపులోకి రావడానికి ఒక నిమిషం, చేతులు కాళ్లు మన మాట వినేది పది నిమిషాలు, శరీరం చల్లబడి స్పృహ తప్పడానికి సుమారు గంట. జనం భయపడేది ఆ గంట గురించి. ఫ్లోట్‌ప్లేన్‌లో చంపేది మొదటి నిమిషం. తలకిందులుగా, నీటి కింద, చీకట్లో, చలి షాక్‌కి అసంకల్పితంగా ఊపిరి పీల్చేస్తారు. వెచ్చటి గదిలో నిమిషం ఊపిరి బిగపట్టగలవాళ్లు కూడా అలాంటి నీటిలో చాలామంది 20 సెకన్లు దాటలేరు.

2009 నవంబర్ 29న బ్రిటిష్ కొలంబియాలోని సాటర్నా ద్వీపం దగ్గర ఒక బీవర్ టేకాఫ్ కాగానే నీటిలో కూలింది. ఎనిమిది మందిలో ఆరుగురు చనిపోయారు. వాళ్లు క్యాబిన్ లోపలే మునిగిపోయారు. కూలడానికి కారణం మంచు కాదు, గాలి. కానీ బయటపడలేకపోవడమే ప్రాణాలు తీసింది. ఆ తర్వాత కెనడా రవాణా భద్రతా బోర్డు త్వరగా తెరుచుకునే తలుపులు, కిటికీలు ఉండాలని, ప్రయాణికులు తేలే జాకెట్ తొడుక్కునే ఉండాలని సిఫార్సు చేసింది. జాకెట్లు, పైలట్లకి నీటి కింద నుంచి బయటపడే శిక్షణ తప్పనిసరి చేస్తూ 2019లో నిబంధనలు వచ్చాయి.

కొత్తరెక్క గారూ, ఆ శిక్షణ తీసుకున్నారా? తీసుకోకపోతే ఈ థ్రెడ్ మొత్తం పక్కన పెట్టి ముందు అది చేయండి.

కొత్తరెక్క
తీసుకున్నానండీ, వెచ్చటి ఈతకొలనులో. చలికాలానికి ఇమ్మర్షన్ సూట్ (చల్లటి నీటిలో పడితే ఒంటిని కాపాడే దుస్తులు) వేసుకోమంటారా?

గ్లాసీవాటర్
జాగ్రత్తగా ఎంచుకోండి. మందంగా ఉండి తనంతట తానే తేలే సూట్ వేసుకుంటే, బోర్లా పడిన క్యాబిన్‌లో నీళ్లు నిండగానే అది మిమ్మల్ని పైకి, అంటే విమానం నేలవైపుకి, నెట్టి అక్కడే అదిమి ఉంచుతుంది. తలుపు కిందనో పక్కనో ఉంటుంది. పల్చటి డ్రైసూట్, లోపల ఉన్ని బట్టలు, పైన బయటకి వచ్చాక ఊదుకునే జాకెట్, ఇది నా ఎంపిక. జాకెట్‌ని లోపల ఊదడం అన్నిటికన్నా ప్రాణాంతకం. ప్రయాణికులకి ఈ ఒక్క మాట రెండుసార్లు చెప్పాలి. ఫోన్, లైటర్, సిగ్నల్ ఇచ్చే బీకన్ ఒంటి మీద ఉండాలి. బ్యాగులో ఉన్నవి విమానంతోపాటు పోతాయి.

లావు చలికోట్లు వేసుకున్నవాళ్లకి బెల్టు బకిల్ కనిపించదు. చేతి తొడుగులతో ఒకసారి విప్పించి చూడండి.

సీజన్‌ముగిసింది
సున్నాకింద గారూ, ఇప్పుడు చెప్పండి అతి ఎవరిదో.

సున్నాకింద
సర్లెండి :) నా ప్లస్ 6 రోజు మీద మాత్రం నిలబడతాను.

కొత్తరెక్క
ఇంకో సందేహం. రాత్రి డాక్ దగ్గరే కట్టేస్తే పొద్దున్నే రెక్కల మీద నూగు మంచు ఉంటోంది. పక్క విమానం ఆయన బకెట్‌తో సరస్సు నీళ్లు పోసి కరిగించేస్తున్నారు. అది సరైనదేనా?

కీల్‌లైన్
గాలి ఖచ్చితంగా సున్నాకి పైనుండి, ఇంకా పెరుగుతోందంటే పనిచేస్తుంది. సరస్సు నీరు నూగుని కరిగిస్తుంది. గాలి సున్నాకి కింద ఉంటే ఆ నీళ్లే ఐలెరాన్ (రెక్క వెనక అంచున కదిలే పలక) సందుల్లోకి జారి అక్కడ గాజులా గడ్డకడతాయి. నూగు కంటికి కనిపించేది, ఇది కనిపించదు. తడిబల్బు గారు చెప్పిన ఆవిరి చలిని కూడా కలుపుకోండి. ప్లస్ 1 దగ్గర నేను బకెట్ ముట్టుకోను.

నూగుని తేలిగ్గా తీసుకోవద్దు. రెక్క ముందు అంచు మీద, పైభాగం మీద గరుకు కాగితం అంత గరుకుదనం ఉంటే లిఫ్ట్ (పైకి లేపే బలం) 30 శాతం దాకా తగ్గి, డ్రాగ్ (గాలి వెనక్కి లాగడం) 40 శాతం దాకా పెరగొచ్చని అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ ఎప్పట్నించో చెబుతోంది. నీటి మీద దాని ప్రభావం ఇంకోలా ఉంటుంది. ఫ్లోట్లు నీటిని వదలాల్సిన వేగంలో వదలవు. పరుగు పొడవవుతుంది, తుంపర ఎక్కువ పడుతుంది, తోక ఇంకా తడుస్తుంది.

రాత్రి రెక్కలకి కవర్లు వేయడమే అన్నిటికన్నా సులువు. కవర్లు లేకపోతే మెత్తటి తాడుని రెక్క మీదుగా ఇద్దరు అటూ ఇటూ లాగితే పొడి నూగు రాలుతుంది. డాక్ మీద మంచు కరిగించే గ్లైకాల్ ద్రవం పోయడం మొదలుపెట్టకండి, అదంతా నీళ్లలోకే పోతుంది.

స్పానర్ బాబాయ్
తాడు లాగేవాళ్లు ఎక్కడ నిలబడుతున్నారో చూసుకోండి. ఫ్లోట్ డెక్ మీద పల్చటి మంచు ఉంటే ప్రొపెల్లర్ కన్నా ముందు అదే మీ పని పడుతుంది. నాకు తెలిసి చలిలో ఫ్లోట్‌ప్లేన్ వాళ్లకి తగిలిన దెబ్బల్లో డాక్ మీద జారిపడ్డవే ఎక్కువ. నడిచే చోట గరుకు టేపు అంటించండి, ఉప్పు మాత్రం చల్లకండి, అల్యూమినియం తినేస్తుంది. ఒంటరిగా డాక్ మీద పనిచేసేటప్పుడు కూడా తేలే జాకెట్ తీయొద్దు.

తడిబల్బు
సరస్సు ఎక్కడ మొదట గడ్డకడుతుందో కూడా చెప్పనా? నీరు 4 డిగ్రీల దగ్గర అత్యంత బరువు. చల్లబడే నీరు 4 దాకా కిందకి దిగుతుంటుంది, సరస్సు అంతా 4కి వచ్చాకే పైపొర ఇంకా చల్లబడి గడ్డకడుతుంది. లోతు తక్కువున్న చోట ఇది త్వరగా పూర్తవుతుంది. అంటే గాలి తగలని, లోతు లేని మూలల్లో ముందు పొర కడుతుంది. డాకులూ ర్యాంపులూ కట్టేది కూడా అలాంటి చోట్లే. సముద్రపు నీరు సుమారు మైనస్ 1.8 దాకా ఆగుతుంది.

కీల్‌లైన్
ఆ పల్చటి పొర సంగతి చాలామందికి తెలియదు. చూడ్డానికి అద్దంలా నిశ్చలంగా ఉన్న నీరులాగే ఉంటుంది. దాని మీద వేగంగా పోతే అంచులు కత్తిలా ఫ్లోట్ అడుగు పలకని కోస్తాయి, ముక్కలు ఎగిరి ప్రొపెల్లర్‌కి, తోకకి తగులుతాయి. దిగే ముందు కిందనుంచి ఒకసారి వెళ్లి చూడండి. పక్కన అలలున్నా ఒక మచ్చ మాత్రం నునుపుగా, కదలకుండా ఉంటే అది మంచే అనుకోండి. అద్దపు నీటి మీద దిగే పద్ధతిలో, అంటే నిమిషానికి 100 నుంచి 150 అడుగుల చొప్పున నెమ్మదిగా దిగడం, ఎత్తు అంచనా వేయలేని సమస్య తీరుతుంది గానీ, కింద ఉన్నది నీరో మంచో అది చెప్పదు.

సున్నాకింద
వాటర్ రడ్డర్ల (నీటి మీద విమానాన్ని తిప్పడానికి ఫ్లోట్ల వెనక ఉండే చుక్కానులు) గురించి ఒక మాట. చాలా విమానాల్లో వాటి కేబుళ్లు ఎయిర్ రడ్డర్ వ్యవస్థకే కలిసి ఉంటాయి. రడ్డర్ పోస్టు గడ్డకడితే పెడళ్లు బరువెక్కుతాయి. మొదటిసారి అలా అయినప్పుడు గాలివాటం అనుకుంటారు. టేకాఫ్‌కి ముందు ఎత్తే తాడు చక్కగా కదులుతోందా అన్నది చూసుకోండి. దిగాక అవి కిందకి రాకపోతే నీటి మీద తిప్పడానికి ఎయిర్ రడ్డర్, ఇంజిన్, గాలి తప్ప ఏమీ మిగలవు. అందుకే గాలి మిమ్మల్ని డాక్ నుంచి దూరంగా నెట్టే వైపు నుంచి చేరుకోవడం మంచిది.

గట్టినేల
చల్లటి ఇంజిన్ మాటేంటి? నీటి మీద బ్రేకుల్లేవు, స్టార్ట్ అవ్వగానే కదలడమే.

స్పానర్ బాబాయ్
తోక తాడుతో డాక్‌కి కట్టి స్టార్ట్ చేసి, ఆయిల్ వేడెక్కాక విప్పేవాళ్లున్నారు. కానీ తాడు విప్పే మనిషి ప్రొపెల్లర్‌కి దూరంగా, జారని చోట ఉండాలి. నాకు నచ్చే పద్ధతి మాత్రం యాంఫీబియన్‌ని ర్యాంప్ మీదే వేడెక్కించి, ఆ తర్వాత నీళ్లలోకి దింపడం. ఇంజిన్ తయారుచేసే కాంటినెంటల్ వాళ్లు సుమారు మైనస్ 7 కన్నా కిందైతే ప్రీహీట్ (స్టార్ట్‌కి ముందే వేడి) చేయమంటారు, లైకమింగ్ చాలా మోడళ్లకి మైనస్ 12. సున్నా దగ్గర తప్పనిసరి కాదు, చేస్తే ఇంజిన్ సంతోషిస్తుంది.

అసలు నేను చెప్పాలనుకున్నది బిల్జ్, అంటే ఫ్లోట్ల అడుగున చేరే నీటి గురించి. ప్రతి ఫ్లోట్‌లోకీ కొంత నీరు కారుతుంది, అది సహజం. పొద్దున్నే పంప్ పెట్టి లాగితే నీళ్లు రాకపోవచ్చు. ఖాళీగా ఉందని సంతోషపడకండి. గొట్టం అడుగున గడ్డకట్టి ఉంటే కూడా పంప్‌లో గాలే వస్తుంది. లోపల 20 లీటర్లుంటే అది 20 కిలోలు. వెనక గదిలో ఉంటే సెంటర్ ఆఫ్ గ్రావిటీ వెనక్కి జరుగుతుంది. గడ్డకట్టేటప్పుడు నీరు సుమారు 9 శాతం ఉబ్బుతుంది. రివెట్లు, అతుకులు వదులవుతాయి, ఎండాకాలం వచ్చాక "ఎక్కడ కారుతోందో" అని వెతుక్కుంటారు. ప్రతి రోజు చివర ర్యాంప్ ఎక్కించి, డ్రెయిన్ ప్లగ్గులు తీసి, పూర్తిగా కారనివ్వండి. యాంఫీబియన్ ఉన్నందుకు దక్కే అసలైన సుఖం ఇదే.

గేర్ కీళ్లకి గ్రీజు నీళ్లకి కొట్టుకుపోతూ ఉంటుంది. చలి మొదలయ్యే ముందు మాన్యువల్లో చెప్పిన రకమే మళ్లీ నింపించండి. గ్రీజు ఉన్న చోట నీరు చేరదు, నీరు లేని చోట మంచు కట్టదు. ఉప్పునీటిలో తిరిగేవాళ్లకి మంచినీటితో కడగడం తప్పదు, కానీ సున్నాకి కింద ఆరుబయట కడిగితే అన్నీ గడ్డకట్టించుకున్నట్టే. వెచ్చటి హ్యాంగర్ దొరికితేనే కడగండి.

కొత్తరెక్క
చాలా సాయపడ్డారు అందరూ. ఓనర్ గారితో మాట్లాడాను. నీటి మీద పని గాలి ప్లస్ 5 దాటిన రోజుల్లో మధ్యాహ్నంలోపే, పైన సున్నా కింద పొరలోకి వెళ్లాల్సిన అవసరం లేకపోతేనే. మిగతా రోజులు రన్‌వే నుంచి రన్‌వేకి. ఆయన కాస్త గొణిగారు గానీ ఒప్పుకున్నారు. బాబాయ్ గారూ, ప్లగ్గులు తీసి ఎక్కడ పెడితే మంచిది? తీసిన సంగతి మర్చిపోయి నీళ్లలోకి దింపుతానేమోనని టెన్షన్.

స్పానర్ బాబాయ్
జేబులో పెట్టుకోవద్దు, ఇంటికి వెళ్లిపోతాయి. పైలట్ సీటు మీద, కూర్చునే చోట పెట్టండి. ఎన్ని గదులుంటే అన్ని ప్లగ్గులు లెక్క సరిపోవాలి.

గట్టినేల
మేం ఎర్ర గుడ్డ సంచిలో వేసి థ్రాటిల్‌కి కట్టేస్తాం. సీటు మీద పెడితే ఎవరో తీసి వెనక పడేస్తారు.